మేనమామ కారుకు కొత్త స్ప్రింగులు

తెలకపల్లి పుష్పమ్మక్కకు, ఆమె నడుముకు ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, నిన్నటి నుండి నా పాత కారు గుంతలను లెక్కచేయదు.

నా గొంతు వినగానే ఫోన్ పెట్టేస్తున్నావు కనుక కార్డు రాస్తున్నాను. స్ప్రింగులు, షాకబ్జర్లు కొత్తవి వేయించాను. మెకానిక్ దినేష్, "చక్రాల హబ్బులు గూడ అరిగినయ్ అన్నా, గివి ఉంచితే బండి ఊగుతనే ఉంటది" అంటే అవీ మార్పించాను. తర్వాత పాలలో తోడేసి, కుండను వెనక సీట్లో పెట్టుకొని వనపర్తి నుండి గద్వాల పోయి వచ్చాను. పెరుగు చెంచా నిలబడేంత గట్టిగా తోడుకుంది.

"నీ బండి ఎక్కితే నా బిడ్డ తొవ్వల్నే కంటది" అన్నావు. మేనమామను నేనుండగా తేజస్వినిని పురుటికి కిరాయి కారులో తెస్తే నలుగురిలో నా ముఖమెక్కడ పెట్టుకోను? శుక్రవారం అత్తగారు కోడలిని పంపరు, గురువారమే తెస్తాను. సరేనని ఒక్క మాట చెప్పు. పిల్ల ఒరగడానికి రెండు మెత్తలు పంపు. బావ దగ్గు తగ్గిందా? పిల్లలకు దీవెనలు.

పెరుగు కుండ మాత్రం పచ్చి అబద్ధం అక్కా. దినేష్ నడుపుతుంటే వెనక సీట్లో కూర్చున్నది నేనే. గద్వాల వచ్చిందని అతనే నన్ను నిద్ర లేపాడు.

నీ తమ్ముడు
రాఘవేందర్