హెమ్సెన్ మామయ్యకు రాని పూలచక్రం

బాన్, మార్చి 1956

డాల్‌విట్జ్ గారూ,

మీరు మా మామయ్యను రెండోసారి ఉద్యోగంలోంచి తీసేశారు. ఈసారి చనిపోయాక.

మన విదేశాంగ శాఖలో పనిచేసినవాళ్లు ఎవరు పోయినా శాఖ తరఫున పూలచక్రం వస్తుంది. కాన్సుల్ ఆల్బ్రెక్ట్ హెమ్సెన్‌కు మాత్రం రాదట. నిన్న ఫోన్లో మీ సహాయకుడు, "క్రమశిక్షణ తప్పి తొలగింపైనవారికి పంపే పద్ధతి లేదమ్మా" అన్నాడు. అత్తయ్య నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "మాట వినలేదని తీసేశారు, నిజమే నాయనా. ఏ మాట వినలేదో కూడా చెప్పు, వింటాను" అంది. అతను పెట్టేశాడు.

నేను చెబుతాను. యుద్ధకాలంలో ఆయన కాన్సుల్‌గా ఉన్న రేవు పట్నంలోని యూదులను చావు శిబిరాలకు రైళ్లెక్కించే ఉత్తర్వు మీద ఆయన్ని సంతకం పెట్టమన్నారు. "వీళ్లలో నా మంగలి ఉన్నాడు, నా పళ్ల డాక్టరున్నాడు. వాళ్లు లేకపోయినా పెట్టను" అన్నాడాయన. మర్నాడు ఆయన కుర్చీలో మీరు కూర్చున్నారు, సంతకం మీరు పెట్టారు. ఆ క్రమశిక్షణకే గదా ఇవాళ శాఖలో మీకీ పెద్ద పదవి? పోయిన శీతాకాలంలో, ఆ ఉత్తర్వు పంపిన మీ పాత పై అధికారి పోతే, బండిచక్రమంత పూలచక్రం మీరే మోసుకెళ్లారు. హత్యకు సాయపడ్డవాడికి పూలు, అడ్డుపడ్డవాడికి పద్ధతులు. దీన్నేనా మీరు కొత్త జర్మనీ అంటున్నది?

శుక్రవారం ఖననం. మాకు కావలసినవి ఇవి:

పూలచక్రం ఉదయానికల్లా రావాలి.

రిబ్బను మీద "కాన్సుల్" అని ఉండాలి. "మాజీ" అన్న మాట వద్దు.

దాన్ని మీరే మోసుకురావాలి, అందరూ చూస్తుండగా.

తర్వాత మా ఇంట్లో ఇచ్చే కాఫీకి ఆగొద్దు. అది ఆయనకు కావలసినవాళ్లకు.