బ్లెడ్ వద్దంది

శనివారం రాత్రి, ఆష్‌బర్న్

భోజనాల దగ్గర స్లొవేనియా ప్రయాణం మాట్లాడుకున్నాం. అందరూ వెళ్లే బ్లెడ్ సరస్సు పక్కనే హోటల్ బుక్ చేద్దామన్నారు ఈయన. వెంటనే మా అమ్మాయి కెజియా, "బ్లెడ్ వద్దు డాడీ, ఇద్రియా వెళ్దాం" అంది. అది కొండల మధ్య చిన్న ఊరట. మా నరసాపురంలోలాగే అక్కడా ఆడవాళ్లు లేసు అల్లుతారట. నాకు ముచ్చటేసింది.

"అక్కడ ఫొటోలు తీసుకోడానికి ఏముంది నాన్నా?" అన్నారు ఈయన.

"అందుకే డాడీ. అక్కడ ఎవరూ ఫొటో తీయరు."

ఆయన నవ్వేశారు. నాకు మాత్రం ఈస్టర్ గుర్తొచ్చింది. ఆ రోజు చర్చిలో అందరం ఫొటోకి నిలబడితే ఇది వెనక్కి వెళ్లి దాక్కుంది. సిగ్గేమో అనుకున్నాను. స్కూల్లో ఎవరైనా ఏమైనా అన్నారా? లేక నేనే తెలియక ఏదైనా అన్నానా? గిన్నెలు సర్దుతూ అడిగితే, "నథింగ్ అమ్మా, నాకు క్వయట్ ప్లేస్ ఇష్టం, అంతే" అంది.

ఇద్రియాలోనే గది బుక్ చేయమని ఈయనకు చెప్పాను. దాని ఇష్టం తీరుస్తున్నానో, దాన్ని ఇంకా దాక్కోనిస్తున్నానో అర్థం కావడం లేదు. నా మాట విని కెజియా వచ్చి నన్ను వాటేసుకుంది, చాలాసేపు వదల్లేదు. ఒక ఊరు మార్చినందుకే ఎవరైనా అంత గట్టిగా పట్టుకుంటారా?