మేజర్ సాగ్నా నవ్వేశాడు

మే 5, డాకర్

ఫ్రాన్స్ సైన్యం వెళ్ళిపోతోంది. ఆఫ్రికాలో ఇక శిబిరాలుండవు, సమాన భాగస్వామ్యమే ఉంటుందని వాళ్ళ కర్నల్ మీటింగ్ పెట్టి చెప్పాడు. స్వాతంత్ర్యం వచ్చిన అరవై ఐదేళ్ళకు సమానులమయ్యాం! మంచిదే, మా నేల మాకొస్తోంది. కానీ ఇరవై రెండేళ్ళుగా ఈ మెస్‌లో వండుతున్న నాకూ, నా కింది పదిమంది ఆడవాళ్ళకూ జూన్ ముప్పైతో ఉద్యోగాలు ఆఖరట. వాళ్ళలో ఆవా అయితే ఉల్లిపాయలు పక్కన పెట్టి మరీ ఏడ్చింది. సైన్యం మారితే ఆకలి మారుతుందేమిటే, ఊరుకో అన్నాను.

మే 19

శిబిరం మన సైన్యానికే ఇస్తున్నారు. రాబోయే అధికారి మేజర్ లాండింగ్ సాగ్నా. జోలా వాడు! నేను సెరేర్‌ని. ఈ రెండు తెగలకూ తాతల నాటి పరాచికాల వరస. బావామరదళ్ళు కూడా అంత వెక్కిరించుకోరు. ఎంత తిట్టినా కోపం రాకూడదు, అడిగింది కాదనకూడదు. ఇంకేం, నల్లేరు మీద బండి నడకే.

జూన్ 11

మేజర్ దగ్గరికి వెళ్ళాను. ఏరా బానిసా, యజమానురాలొస్తే కుర్చీలోంచి లేవవా అన్నాను. పక్కనున్న లెఫ్టినెంట్ ముఖం పాలిపోయింది. మేజర్ పగలబడి నవ్వాడు. సజ్జలు మేసే సెరేర్లకు వంటేం తెలుసు, మా జోలా అన్నం తిన్నాకే మీకు నోళ్ళు లేచాయన్నాడు. మా పదకొండుమందినీ ఉంచరా అన్నాను. పదకొండేం ఖర్మ, నీ మేకల్ని కూడా ఉంచుతాను పో అన్నాడు.

మెస్‌కొచ్చి చెప్పగానే ఆవా నన్నెత్తి గిరగిరా తిప్పింది. నేనేం తక్కువ బరువు కాదు.

జూన్ 27

గేటుకు కొత్త పనివాళ్ళ జాబితా అంటించారు. వంటకు సైనికులే. మా పేరు ఒక్కటీ లేదు.

జూన్ 28, ఉదయం 8

తప్పు నాదే. పరాచికంగా అడిగాను, పరాచికమనే అనుకున్నాడు. సిగ్గుతో చచ్చాను.

ఉదయం 11

మోకాలు వంచి పలకరించి, మేజర్ గారూ, కూర్చోవచ్చా అండీ అన్నాను. నవ్వుతూ లేచినవాడు అలాగే ఆగిపోయాడు. అయ్యో అక్కా, ఎవరైనా పోయారా అన్నాడు. ఇంకా లేదండీ అని అర్జీ ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. అంతా ఆటే అనుకున్నాను, క్షమించక్కా అన్నాడు. జాబితా మారుస్తాడట. అయితే కొత్తగా చేరేవాళ్ళకు యాభై దాటకూడదు. నాకు యాభై ఎనిమిది. నా కోసం పైకి రాస్తే అందరి కాగితాలూ ఆగుతాయన్నాడు. రాయొద్దు, ఆ పదిమంది చేతా ఈరోజే సంతకాలు పెట్టించండి అన్నాను.

 

జూలై 1, మధ్యాహ్నం

ఇంట్లో నా ఒక్కదానికి ఎంత బియ్యం పోయాలో తెలియలేదు. పెద్ద డేగిశాడు చేపల అన్నం అయింది. వీధి వీధంతా పిలిచాను. రేపు కూడా రమ్మన్నాను.