యజమానిని ఎక్కడ కూర్చోబెట్టాలి?

బాబాయికీ పిన్నికీ నమస్కారాలు.

క్షేమంగా దిగాను. పోటీకి పన్నెండు దేశాల నుంచి బిజినెస్ కాలేజీల జట్లు వచ్చాయి. ఒక నిజమైన కంపెనీ కథని పేరు దాచి కాగితాల కట్టగా అందరికీ ఇస్తారు. దాన్ని గట్టెక్కించే ఉపాయం ఎవరు బాగా చెప్తే వాళ్లు గెలిచినట్టు. మేం నలుగురం హోటల్ గదిలో మంచాలు గోడకి నెట్టేసి, నేలంతా కాగితాలు పరుచుకుని కూర్చున్నాం.

మాకొచ్చింది బూట్ల కంపెనీ బాబాయ్! చదవగానే మన షాపులో కూర్చున్న నువ్వే గుర్తొచ్చావు. నలభై షాపులట. యజమాని మంచివాడే గానీ ఉడుంపట్టు మనిషి. నలుపూ గోధుమరంగూ తప్ప ఇంకో రంగుని గడప తొక్కనివ్వడు. కొనడానికొచ్చినవాళ్లకి నడక బాగాలేదని పాఠం చెప్తాడు. ఆయన్ని గౌరవంగా పక్కన కూర్చోబెట్టాలని మా ఆలోచన. నువ్వేమంటావు?

మీ అమ్మాయి

తా.క. గెలిస్తే ఉద్యోగం ఖాయమని మా మాస్టారు అన్నారు. ఓడితే ఏమిటన్నది ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

*

అమ్మడూ, ఆశీస్సులు.

నీ మెయిల్ చదివాక అరికాలి మంట నెత్తికెక్కింది. కొనేవాళ్లకి నడక గురించి చెప్పే యజమాని లోకంలో నేను కాక ఇంకెవడే? మడమ ఈడ్చి నడిచేవాడికి నోరుమూసుకుని బూటు అమ్మి, అది అరిగిపోయాక వాడిచేత తిట్లు తినమంటావా? ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు ఇంటిగుట్టు రట్టు చేస్తావా? పైగా నలభై షాపులని కోతలొకటి! ఉన్నది ఒక్కటే కదా!

పక్కన కూర్చోబెడతావా? ఏ పక్కన? నా కుర్చీకి ఒక పక్క గోడ, ఇంకో పక్క మీ పిన్ని.

బాబాయి (ఇప్పటికింకా యజమాని)

తా.క. ఎర్రబూట్లు మనుషులు వేసుకునేవి కావు. ఈ మాట మీ జడ్జీలకి నా పేరు చెప్పకుండా చెప్పు.

*

బాబాయీ, నీ కాళ్లు పట్టుకుంటాను.

అది నువ్వు కాదు! ఎవరో, ఏ దేశంవాడో. యజమానులంతా ఒక్క అచ్చులో పోసినట్టుంటే నేనేం చేయను? కానీ నీ మెయిల్ మా జట్టుకి భలే పనికొచ్చింది. చదివి వినిపిస్తే, "యజమాని ఇలాగే ఎదురు తిరుగుతాడు, సిద్ధంగా ఉండాలి" అని ఒక పేజీ చేర్చాం. దానికి 'ప్రతిఘటన' అని పేరు పెట్టాం.

నీ అభిమానం కోరే అమ్మాయి

తా.క. ఎర్రబూట్ల మాటకి మా జట్టులో ఒక పిల్ల పడీపడీ నవ్వింది. తర్వాత తన కాళ్లకేసి చూసుకుని మానేసింది.

*

గౌరవనీయులైన జట్టు నాయకురాలు గారికి,

నా కోపానికి పేజీ కేటాయించారని తెలిసి ధన్యుణ్ణయ్యాను. ఇకమీదట మనకి మాటల్లేవు.

ఇవాళ ఒకాయన కాళ్లు ఎడంగా వేసుకుంటూ షాపులోకొచ్చాడు. నాలిక చివరిదాకా వచ్చిన మాటని మింగేశాను. అయినా కొనకుండానే వెళ్లిపోయాడు. చెప్పినా కొనరు, చెప్పకపోయినా కొనరు. ఈ సంగతి తమరి కాగితాల్లో ఉందా?

షాపు ఖాళీగా ఉంటే ఊరికే కూర్చున్నాను. ఇన్నాళ్లూ వచ్చినవాళ్లు నా మాట విన్నారనుకున్నాను. పాపం, భరించారేమో.

ఇట్లు,
ప్రతిఘటన

తా.క. ఫైనల్ ఎప్పుడు? నాకేం పట్టింపు లేదు, ఊరికే అడిగాను.

*

బాబాయీ,

ఓడిపోయాం. ఒక్క ఓటు తేడా. జడ్జీలు సగం మంది మావైపే. కంపెనీ తరఫు ఓటొకటి ఉంటుంది, అది అటు పడింది.

గెలిచినవాళ్లు ఏం చెప్పారో తెలుసా? ఆయన్ని కౌంటర్ దగ్గర్నుంచి కదపొద్దట. రంగు బూట్లకి వేరే షాపు పెట్టి, ఆయన భార్యకి అప్పజెప్పాలట. అదీ ఒక ఉపాయమేనా?

నిన్ను పేజీ చేయడం తప్పే. నాతో మాట్లాడవా?

అమ్మడు

తా.క. నిన్నెవరూ భరించలేదు. నేను నిటారుగా నడుస్తున్నది నీ తిట్ల వల్లే.

*

బంగారూ,

నీ మెయిల్ చదివి మీ బాబాయి కళ్లు తుడుచుకున్నారు. నేను చూసేసరికి అదే గుడ్డతో బూట్లు తుడవడం మొదలుపెట్టారు. కోపం పోయింది. ఇక ఈ కింది సంగతి నువ్వొక్కదానివే చదువు.

ఆ కంపెనీ మనదే.

పోయినేడు ఒక మాస్టారు బూట్ల కోసం వస్తే, మీ బాబాయి ఆయన్ని షాపులో ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నడిపించారు. పోటీలకి కథలు రాసే మాస్టారట. "ఇలాంటి యజమానిని ఎక్కడా చూడలేదు, రాసుకోనా?" అని నన్నడిగాడు. పన్నెండు దేశాల పిల్లలు ఊరికే సలహా ఇస్తామంటే చేదా? సరేనన్నాను. ఒక్క షాపంటే ఎవరూ పట్టించుకోరని నలభై చేయించింది కూడా నేనే. నువ్వే వెళ్తావని నాకేం తెలుసు? తెలిశాక, ఫలితం వచ్చేదాకా నోరు విప్పొద్దని పోటీవాళ్లు అన్నారు.

కంపెనీ ఓటు నాది. ఫైనల్ రోజు వెనకగదిలో అట్టపెట్టెల మధ్య కంప్యూటర్ పెట్టుకుని చూశాను. అందరికన్నా నువ్వే బాగా మాట్లాడావు, నా కడుపు నిండింది. "మరి ఆ యజమాని పగలంతా ఎక్కడుంటాడు?" అని టైపు చేసి అడిగాను. నువ్వు తడుముకోకుండా, "ఇంట్లో, భార్య పక్కన, హాయిగా" అన్నావు.

నువ్వే చెప్పు తల్లీ, నా ఓటు మీకెలా వేయను?

పిన్ని

తా.క. రంగు బూట్ల షాపుకి రోడ్డవతల ఒక గది చూసి మాట్లాడేశాను. ఈ సంగతి మీ బాబాయికి ఎలా చెప్పాలో మీ నలుగురూ కూర్చుని ఆలోచించి పంపండి. ఈసారి మిమ్మల్నే గెలిపిస్తాను.