శాంతి సభలో భాగస్వామ్యం

బిష్టుపూర్

గౌరవనీయులైన ఆదిబాబు గారికి,

బెట్సీ నమస్కారాలు. చాలాకాలం సిమెంటు అమ్మి, ఇప్పుడు బస్తీల మధ్య గొడవలు ముదరకుండా చూసే ఈ సంస్థకు విరాళాలు తెచ్చే ఉద్యోగంలో చేరాను. మాంగో బస్తీలో జరిగే మా శాంతి సభకు టెంటు, కుర్చీలు ఉచితంగా ఇస్తామన్నందుకు కృతజ్ఞతలు. భోజనాలు కేటరింగ్ హరిప్రసాద్ గారివి. మీ ఇద్దరి భాగస్వామ్యం మాకు గర్వకారణం.

కృతజ్ఞతలతో,
బెట్సీ

తా.క. ఇది నేను తెచ్చిన మొదటి విరాళం. సిమెంటు అమ్మినావిడకి శాంతి గురించి ఏం తెలుసని మా కార్యదర్శిగారి అనుమానం.

భుయ్యాడీహ్

బెట్సీ తల్లికి,

ఆదిబాబు ఆశీస్సులు. ఫోనులో అయితే అరుస్తానని మా ఆవిడ జగదాంబ కాగితం చేతికిచ్చింది. హరిప్రసాద్ నా తోడల్లుడు. మేనకోడలి పెళ్లిలో మాటా మాటా వచ్చింది. అప్పట్నుంచీ రాకపోకలు లేవు. ఇన్నాళ్లకి భాగస్వామ్యం కావాల్సొచ్చిందా? కావాలంటే తనే వచ్చి అడగాలి గానీ, శాంతి సంస్థ చేత అడిగిస్తాడా? నాకిష్టం లేదని చెప్పు.

ఉంటాను,
ఆదిబాబు

తా.క. వాటా ఎంత ఇస్తాడట?

బిష్టుపూర్

ఆదిబాబు గారికి నమస్కారాలతో,

క్షమించాలి. భాగస్వామ్యం అనేది మా ఆఫీసు ఉత్తరాల్లో వాడే మాట. వ్యాపారంలో మిమ్మల్ని కలవమని హరిప్రసాద్ గారు అడగలేదు. మీ పేరెత్తితే, "ఆ మనిషితో నాకేటి పని" అన్నారు. కాబట్టి నిశ్చింతగా ఉండండి.

భవదీయురాలు,
బెట్సీ

తా.క. సిమెంటులో ఈ ఇబ్బంది లేదు. బస్తా అంటే బస్తానే.

భుయ్యాడీహ్

బెట్సీకి,

నాతో పని లేదన్నాడా? వద్దంటే నేననాలి. అతను అనడమేమిటి? రేపు వంతెన దాటి మాంగో వెళ్తున్నాను. భాగస్వామిగా నాకేం తక్కువో తేల్చుకుంటాను. అంతవరకూ టెంటు ఆశ పెట్టుకోకు.

ఆదిబాబు

తా.క. జగదాంబ కూడా వస్తానంటోంది. అప్పుడే పట్టుచీర తీసి పెట్టుకుంది. ఎందుకో చెప్పదు.

బిష్టుపూర్

ఆదిబాబు గారూ,

దయచేసి వెళ్లకండి. శాంతి సభకి ముందే దాతలు కొట్టుకున్నారని తెలిస్తే నన్ను సిమెంటు వాళ్లు కూడా తిరిగి చేర్చుకోరు.

ప్రాధేయపడుతూ,
బెట్సీ

తా.క. ఆటోలో పంపిన ఈ ఉత్తరం తిరిగొచ్చింది. మీరప్పటికే బయల్దేరారట. అయినా మళ్లీ పంపుతున్నాను.

మాంగో

బెట్సీ తల్లికి,

ఇద్దరి ఆశీస్సులు. నిన్న గుమ్మంలో నిలబడి, "నాతో నీకు పని లేదా?" అని అడిగాను. హరిప్రసాద్ తలుపు పూర్తిగా తీసి, "అన్నం తిన్నావేటి అన్నయ్యా?" అన్నాడు. చెప్పులు విప్పాను. జగదాంబా, హరిప్రసాద్ భార్య అయిన ఆమె చెల్లెలూ వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. ఆ పెళ్లిలో నా టెంటు కారి సాంబారు పలచబడిందని అప్పుడు అతనన్నాడు, గొడవంతా అదే. నిన్న టెంటు లేకుండానే పలచగా ఉంది. అయినా రెండుసార్లు పోయించుకున్నాను.

సాయంత్రానికి టెంటూ వంటా కలిపి ఒకటే వ్యాపారం చేద్దామనుకున్నాం. అంతా నీ చలవే. ఒకటే చిక్కు. మొదటి ఆర్డరు ఉచితంగా చేస్తే బోణీ కాదంటాడు హరిప్రసాద్. నాకూ సబబే అనిపించింది. మీ సభకి బిల్లు జతచేశాం.

ఇట్లు భాగస్వాములు,
ఆదిబాబు, హరిప్రసాద్

తా.క. అమ్మా, ఇది జగదాంబ రాత్తన్నాను. ఉత్తరం అంటించమని నాకిచ్చారు. ఆ బిల్లు నేనూ మా సెల్లి పోలమ్మా కట్టేత్తాం. ఈళ్లకి సెప్పకు. దాతలన్న సోట మా ఇద్దరి పేర్లూ ఎయ్యి.