వాల్చిన కుర్చీ

మంగళవారం, రాత్రి

మా కాసినో హోటల్‌కి టూరిస్టులు రారు, అంతా లాస్ వేగాస్‌ వాళ్లే. చుట్టూ ఎడారి తప్ప ఏమీ లేనప్పుడు ఈ బిల్డింగ్‌కి కాంక్రీట్ పోసిన ముసలి జో, కాసినో తెరిచిన రోజు నుంచీ ఒకే స్లాట్ మెషీన్ మీద, అదే డబ్బులు వేసి జూదమాడే మెషీన్ మీద, ఆడతాడు. మధ్యాహ్నం బాత్రూమ్‌కి వెళ్తూ కుర్చీని మెషీన్ మీదికి వాల్చి వెళ్లాడు. క్లీనింగ్ పనికి నేను కొత్త, ఆ కుర్చీని తిన్నగా నిలబెట్టాను. ఛీ, నా సర్దుడు పిచ్చి! ఎవరో వచ్చి కూర్చున్నాడు. జో తిరిగొచ్చి, చేతికర్రతో అతని మూతి పగలగొట్టాడు. రెండు పళ్లు కార్పెట్ మీద పడ్డాయి.

"కుర్చీ వాల్చి ఉంటే ఆ సీటుకి మనిషి ఉన్నట్టేనే! ఎవరు ముట్టుకున్నారో ఏమో," అంది నాతో పనిచేసే సరళక్క.

పోలీసులు బేడీలు వేస్తుంటే జో అరిచాడు: "నా కుర్చీ ఎవరు తీశారు?"

నేను అతని కాళ్ల దగ్గరే వంగి రక్తం తుడుస్తున్నాను. తల ఎత్తలేదు.