రెండో ఏసీ బిగించాం

యూమా, మే 27

చెల్లి ఆర్లిస్‌కి,

మేం బాగానే ఉన్నాం, కంగారుపడకు. మీ బావకి వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. చలికాలం గడపడానికి ఈ ఎడారి ఊరికి వచ్చినవాళ్లంతా ఏప్రిల్లోనే ఉత్తరాదికి వెళ్లిపోయారు. మా వరసలో చక్రాల ఇల్లంటూ మా ట్రైలరొక్కటే మిగిలింది. ముందున్న ఏసీ చల్లదనం పడగ్గదిదాకా రావడం లేదు. అందుకని నిన్న మంచం పైన కప్పులో ఉన్న గాలి కిటికీ పీకేసి, ఆ కన్నంలో రెండో ఏసీ పెట్టాం. ఈ ట్రైలర్ల పార్కు చూసుకునే డెల్బర్ట్ పైకెక్కి దాన్ని పట్టుకుంటే, నేను మంచమెక్కి లోపలినుంచి బోల్టులు బిగించాను.

"మరీ అంత బిగించకమ్మా! కింది రబ్బరు నలిగిపోతే వానకి కారుద్ది" అని పైనుంచి అరిచాడు.

"ఇక్కడ వాన పడేది ఆగస్టులో కదయ్యా! అప్పటికి మేం మోంటానా చల్లదనంలో, మా చెల్లి దగ్గర ఉంటాం" అన్నాను.

మీ బావ కుర్చీలోంచి, "మెల్లగా బిగించు వెర్నా. ఈసారి వానలకి మనం ఇక్కడే ఉంటాంగా" అన్నాడు.

ఏటా రెండో ఏసీ మాటెత్తితే, "మన రెండో ఏసీ మోంటానాలో ఉందిలేవే" అని నవ్వే మనిషి! నేను నాలుగు బోల్టులూ మెల్లగానే బిగించాను.

చెర్రీ జామ్ రెండు సీసాలు పంపు, చక్కెర తగ్గించి. కుక్క కాలు మానిందా? పిల్లలిద్దరికీ నా ముద్దులు.

మీ అక్క, వెర్నా

చోటు లేక అంచున రాస్తున్నాను. మీ కొట్టం పక్కన మా ట్రైలరుకని ఏటా ఖాళీగా ఉంచే జాగాలో ఈసారి బంగాళాదుంపలు వేసుకోమని మరిదితో చెప్పు.